స్మారక స్తంభానికి రంగు వేయకండి

(బెంగళూరులో జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక విశ్రాంత సైనికుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

చిన్న ఊళ్లలోని సైనిక స్మారకాలను స్వచ్ఛందంగా చూసుకునేవాళ్ల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇటువంటి విషయం ఎత్తుకున్నవాళ్లు సాధారణంగా త్యాగంతో మొదలుపెడతారు. నేను యాసిడ్‌తో మొదలుపెడతాను. మన ఊళ్లలోని స్మారక శిలలకు ఆకతాయిలు చేసిన చెరుపు కొంత ఉంది, ఎండావానలు చేసిన చెరుపు కొంత ఉంది. కానీ వాటి మీద నిజమైన గౌరవం ఉన్నవాళ్లు ఆగస్టు 15కు ముందురోజు హడావుడిగా చేసే శుభ్రత వల్ల జరిగిన చెరుపు ఈ రెండింటికంటే ఎక్కువని, ఇన్నేళ్లుగా ఆ రాళ్లను దగ్గర నుంచి చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం. అందుకని ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: రాయికి మనం చేయవలసింది చాలా తక్కువ, ఆ తక్కువను మాత్రం తప్పకుండా చేయాలి, మిగిలిన శ్రద్ధనంతా దాని మీద ఉన్న పేర్ల వైపు మళ్లించాలి.

నా గురించి రెండు మాటలు. హలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో శిక్షణ పొంది, వంతెనలు, బాటలు, కట్టడాల పనుల్లో ఉద్యోగకాలం గడిపి, ఆ తరువాత ఈ నగరంలోనే స్థిరపడ్డాను. 1780లో మద్రాసులో మొదలైన ఆ దళంలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పనిచేస్తారు. సైన్యంలో మిగిలినవాళ్లు మమ్మల్నందరినీ కలిపి "తంబీ" అనే పిలుస్తారు, మా చిత్తూరువాళ్లకు ఆ పిలుపు మీద ఎప్పుడూ అభ్యంతరం లేదు. ఆ చిత్తూరు వైపే ఒక చిన్న పట్టణంలో, బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న స్మారక స్తంభాన్ని ఇక్కడ బెంగళూరులో ఉంటున్న మేము కొందరం, ఆ ఊళ్లోనే ఉన్నవాళ్లు కొందరు కలిసి చూసుకుంటున్నాం. ఊరి పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందులు ఆ ఒక్క ఊరివి కావు. మీలో అనంతపురం, కడప, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లకు మీ ఊరి స్తంభమే గుర్తొస్తే నా ప్రసంగం సగం సఫలమైనట్టే.

యుద్ధంలో పోయినవాడికి రాయి నిలపడం మనకు దొరలు నేర్పిన అలవాటు కాదు. ఈ నగరం పేరు మొదటిసారి కనబడేది కూడా అటువంటి రాయి మీదనే: బేగూరులోని నాగేశ్వరాలయంలో, తొమ్మిదో శతాబ్దం చివరి కాలానికి చెందిన వీరగల్లు మీద "బెంగళూరు కాళగ" అన్న మాట ఉంది, అంటే బెంగళూరులో జరిగిన పోరు. ఆ పోరులో ఒక మనిషి చనిపోకపోయినా, అతనికి ఎవరూ రాయి నిలపకపోయినా, ఈ పేరు అంత పాతదని మనకు తెలిసేది కాదు. కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లినవాళ్లు ఆతకూరు శాసనాన్ని చూసే ఉంటారు. పదో శతాబ్దం నాటి ఆ రాయి, అడవిపందితో పోరాడి చనిపోయిన "కాళి" అనే వేటకుక్క పేరును ఇప్పటికీ మోస్తోంది. కుక్కకు కూడా పేరు రాసిన సంప్రదాయం మనది. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉంది.

తెలుగు నేల మీద దీనికి సాటి వచ్చేది పల్నాడు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో జరిగిన యుద్ధానికి ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో మోసుకొస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఉత్సవ వైభవం కంటే దాని ఏర్పాటు. ఏ ఇంటివాళ్లు ఏ కొణతం తేవాలి, ఎవరు పాడాలి, ఎవరు ముందు నడవాలి అన్నది తరతరాలుగా ఖాయమైపోయింది. అది వాళ్లకు హక్కు, బాధ్యత కూడా. మన బస్టాండు పక్కనున్న స్తంభానికి లేనిది సరిగ్గా అదే. ఆవిష్కరణనాడు అందరూ ఉంటారు, మర్నాటి నుంచి అది ఫలానావారి పని అని ఎవరికీ అప్పజెప్పి ఉండదు. స్థలం మున్సిపాలిటీది, రాయి దాతది, పేర్లు కుటుంబాలవి, జెండా పండుగ ఏ పాఠశాలదో. స్తంభం మాత్రం ఎవరిదీ కాదు.

పెద్ద నగరాల్లో కూడా ఇదే కథ. బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట నిలిచి ఉన్న స్తంభాన్ని మీరందరూ చూశారు, మీలో చాలామంది దాని పక్కనే ఆటో కోసం నిలబడి ఉంటారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రాణాలు పోగొట్టుకున్న మద్రాస్ పయనీర్ల, అంటే సైన్యానికి బాటలు వేసే పటాలాలవాళ్ల, స్మారకం. ఆ పయనీరు పటాలాలు 1933లో రద్దయ్యాయి. తమవాళ్ల స్మారకమని చెప్పుకోవడానికి ఆ పేరుతో పటాలమే మిగలలేదు. ఇక ఇప్పటి హడ్సన్ సర్కిల్ దగ్గర, 1791లో టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధంలో చనిపోయిన ఇంగ్లీషు సైనికుల కోసం ఒకప్పుడు ఎత్తయిన స్తంభం ఉండేది. 1964లో దాన్ని తీసేశారు. దాని గురించి ఈ నగరంలో పెద్దగా బాధపడినవాళ్లు లేరు, బాధపడాలని నేనూ అనను. కానీ ఒక సంగతి స్పష్టం. తమదని చెప్పుకునే మనుషులు చుట్టూ లేని స్మారకం ఎంత గట్టి రాయితో కట్టినా నిలవదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలిటరీ మాధవరమనే పిలుస్తారు, అక్కడ ఇంటింటా సైన్యంతో చుట్టరికం ఉంది, అటువంటి ఊరికి బయటి నుంచి వెళ్లి మనం చెప్పవలసింది ఏమీ లేదు. మన సమస్య పది, పదిహేను పేర్లు మాత్రమే ఉన్న ఊళ్లది.

ఇప్పుడు యాసిడ్ దగ్గరికి వస్తాను.

మన ప్రాంతంలో పాత ఫలకాలు ఎక్కువగా రెండు రకాలు: తెల్ల పాలరాతివి, గ్రానైటువి. పాలరాయి అంటే రసాయనశాస్త్రం ప్రకారం కాల్షియం కార్బొనేటు. స్నానాలగదుల టైల్సు కడగడానికి దుకాణాల్లో సీసాలలో అమ్మే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ రెండూ కలిసినప్పుడు బుసబుసమని నురగ వస్తుంది. ఆ నురగను చూసి మురికి పోతోందని సంతోషిస్తాం. పోతున్నది మురికి కాదు, రాయి. ఆ బుడగలు రాయి కరగడం వల్ల పుట్టిన బొగ్గుపులుసు వాయువు. ఆ రోజుకు ఫలకం తెల్లగా మెరుస్తుంది, కానీ పైపొర నునుపు పోయి గరుకుదేలుతుంది, గరుకు రాయికి మురికి మరింత త్వరగా పడుతుంది, దాంతో మరుసటి ఏడాది మరింత యాసిడ్ కావలసివస్తుంది. ఇలా కొన్నేళ్లు సాగితే అక్షరాల అంచులు మొద్దుబారి, లోతు తగ్గి, చేతితో తడిమితే తప్ప చదవలేని స్థితి వస్తుంది. గ్రానైటుకు ఏమీ కాదులే అనుకునేవాళ్లు ఉన్నారు. గ్రానైటు పాలరాయిలా కరగదు, నిజమే, కానీ అందులోని కొన్ని ఖనిజాలలో ఇనుము ఉంటుంది. ఆమ్లం తగిలితే ఆ ఇనుము బయటికొచ్చి పసుపుపచ్చని తుప్పు మరకలుగా తేలుతుంది, రాళ్ల మధ్య సందుల్లోని సున్నం, సిమెంటు కూడా దెబ్బతింటాయి. ఇనుప తీగల బ్రష్షు, కారు కడిగే ప్రెషర్ యంత్రం, బ్లీచింగు పొడి, ఇసుకతో రుద్దడం, ఇవన్నీ యాసిడ్‌కు చుట్టాలే.

అయితే ఏం చేయాలి? నీళ్లు, మెత్తని బ్రష్షు, ఓపిక. ఇంతకంటే గొప్ప రహస్యం ఎవరి దగ్గరా లేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది. 1982లో కట్టిన ఆ నల్ల గ్రానైటు గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. వారాంతాల్లో తెల్లవారుజామున స్వచ్ఛంద సేవకులు బృందాలుగా వచ్చి దాన్ని నీళ్లతో, తేలికపాటి సబ్బుతో, మెత్తని బ్రష్షులతో కడిగి, జనం వచ్చే వేళకు వెళ్లిపోతారు. మీ పిల్లలు ఆ దేశంలో ఉంటే ఒక ఉదయం వెళ్లి చూడమనండి. అంత డబ్బున్న దేశం అంత ముఖ్యమైన గోడకు వాడేది కూడా నీళ్లే.

నీళ్లు అన్నాను కదా, అందులోనూ ఒక చిక్కుంది. మన రాయలసీమ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరైపోయి తెల్లని ఉప్పు చారలు మిగులుతాయి; పాలరాతి సందుల్లోకి దిగిన ఉప్పు గడ్డకట్టినప్పుడల్లా లోపలి నుంచి రాయిని నెడుతుంది, కొన్నాళ్లకు పొరలు లేస్తాయి. అందుకని మేము డ్రమ్ముల్లో పట్టిన వాన నీటిని వాడతాం, అవి లేనప్పుడు మున్సిపాలిటీ మంచినీళ్లు. ఎండ ఎక్కకముందే పని మొదలుపెట్టాలి. ముందు రాయినంతా తడపాలి, తరువాత కింది నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు కిందికి కారి పొడి రాతి మీద చారలు కడతాయి. చివరికి మరోసారి శుభ్రమైన నీళ్లు పోయాలి. నల్లగా పట్టిన పాకుడు, బూజు ఒక్కసారికి పోకపోతే పోలేదని ఊరుకోవాలి, మరోసారి చూసుకోవచ్చు. మా బృందంలో చేరే కుర్రవాళ్లకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఈ ఊరుకోవడమే. బెంగళూరు నుంచి పొద్దున్నే లేచి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాడికి ముందు ఒక ఫొటో, తరువాత ఒక ఫొటో కావాలి, రెండిటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. అటువంటి తేడా ఒక్క ఉదయంలో కనబడిందంటే రాయికి ఏదో నష్టం జరిగిందనే నేను అనుమానిస్తాను.

కొంచెం సున్నితమైన విషయం. మనవాళ్లు గౌరవం చూపాలంటే పూజ చేస్తారు. స్తంభానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నూనె దీపం వెలిగించి, దాని మెట్టుకే కొబ్బరికాయ కొడతారు. ఒకచోట పాలాభిషేకం కూడా చూశాను. కుంకుమ, నూనె రాయిలోకి ఇంకిపోతే వాటిని తీయడం నిపుణులకు కూడా కష్టం. పాలు, కొబ్బరినీళ్లు చీమలను, బూజును రప్పిస్తాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి బొట్టు పెట్టడానికి వస్తే, అమ్మా, రాయి పాడవుతుందని ఎవడు చెప్పగలడు? చెప్పకూడదు కూడా. మేము స్తంభానికి ముందు, దాన్ని తాకకుండా, ఒక చిన్న రాతి పీట వేయించాం. దీపం, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు అన్నీ ఆ పీటకే. దండలు వేయడానికి విడిగా ఒక స్టాండు పెట్టాం. ఎవరికీ వద్దని చెప్పవలసిన అవసరం రాలేదు. ఒక పెద్దావిడ మొదట అక్కడ దీపం పెట్టింది, మిగిలినవాళ్లు ఆమెను చూసి అలవాటు చేసుకున్నారు.

మొక్కల సంగతి త్వరగా చెప్పేస్తాను. పక్షుల రెట్టలతో వచ్చిన రావి గింజ రాళ్ల సందులో మొలుస్తుంది. రెండాకుల మొలకగా ఉన్నప్పుడు గోటితో తీసేయవచ్చు. వేలెడు లావైన తరువాత పట్టి లాగితే వేరుతోపాటు రాయి కూడా వస్తుంది. అప్పుడు కాండాన్ని మొదలంటా కోసి, కోసిన చోట మందు పూసి, వేరు లోపలే ఎండిపోయేలా వదిలేయాలి. రావి చెట్టును కొట్టమంటే మన పనివాళ్లు వెనకాడతారు, అందుకని మొలకగా ఉన్నప్పుడే చూసుకోవడం అన్నివిధాలా మేలు. లోపల బిగించిన ఇనుప చువ్వలు, కొక్కేలు మరో ప్రమాదం. తుప్పుపట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రాయిని లోపలి నుంచే చీలుస్తుంది. స్తంభం మీద సన్నని పగులు వెంట గోధుమరంగు చార కనబడితే సిమెంటు పూయకుండా ఇంజనీరును పిలవండి. ఇక రోడ్డు. తారు వేసిన ప్రతిసారీ పాత తారును తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు కాబట్టి రోడ్డు ఎత్తు పెరుగుతుంది, స్తంభం పీఠం పల్లంలోకి పోతుంది, వాననీరంతా దాని చుట్టూ నిలుస్తుంది. దీనికి బ్రష్షు పనికిరాదు. మున్సిపల్ కార్యాలయానికి అర్జీలు పెట్టాలి, ఫొటోలు జతచేయాలి, మళ్లీ వెళ్లాలి. స్వచ్ఛంద సేవలో సగం ఇదే. అసలు మొదటి బ్రష్షు వేయకముందే మున్సిపాలిటీ నుంచిగానీ, పంచాయతీ నుంచిగానీ రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. మంచి పనికి అనుమతి ఎందుకని వాదించేవాళ్లే, ఏదైనా విరిగిన రోజు ముందుగా మాయమవుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: రంగు, దాని వెంట పేర్లు.

చెక్కిన అక్షరాలు దుమ్ముపట్టి కనబడటం లేదని వాటిలో నలుపో, బంగారు రంగో నింపడం మన దగ్గర ఆచారం. పెయింటరుకు కూలి ఇచ్చి ఒక్క మధ్యాహ్నంలో ముగించమంటారు. ఆయన పాత అక్షరాన్ని చదివి రంగు వేయడు, కనబడిన గీతల మీదుగా కుంచె పోనిస్తాడు. ఒత్తులు సన్నగా ఉంటాయి, సున్నాలు చిన్నవిగా ఉంటాయి, రంగు పొరల కింద మొదట అవే కప్పబడిపోతాయి. వెంకటప్పయ్య వెంకటపయ్య అవుతాడు, ధనుంజయ దనుంజయ అవుతాడు. మరో పదేళ్లకు ఇంకో పెయింటరు ఆ తప్పునే అసలనుకుని దాన్నే మరింత స్పష్టంగా దిద్దుతాడు. రాయి మీద చెక్కినది ఒకటి, రంగులో కనబడేది మరొకటి. పెన్షను కాగితాల్లో ఒక పేరు, స్తంభం మీద మరో పేరు ఉంటే, ఆ ఇంటి మనవడికి తన తాత ఎవరో నిరూపించుకోవడం ఎంత కష్టమో చూసినవాడిని. రంగు వేయకండి అని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అందం కాదు.

అక్షరాలు కనబడకపోతే సుద్దముక్కతోనో, బియ్యపు పిండితోనో రుద్ది చదవకండి. వెలుతురును పక్క నుంచి పడనివ్వండి. ఉదయపు ఏటవాలు ఎండలో, లేదా చీకటిపడ్డాక ఒక పక్క నుంచి టార్చి వేసినప్పుడు, అరిగిపోయిన అక్షరాల నీడలు లేచి నిలబడతాయి. శాసనాలు చదివేవాళ్లు చేసేది ఇదే. మన బెంగళూరులోనే మిథిక్ సొసైటీ అనే చరిత్ర పరిశోధన సంస్థ వాళ్లు మురుగుకాలువల పక్కన, ఇళ్ల పునాదుల దగ్గర దొరికిన శాసనాలను, వీరగల్లులను త్రీడీ స్కానింగుతో నమోదు చేస్తున్నారు. మన స్తంభాలకు అంత అవసరం లేదు, నాలుగు వైపుల నుంచి ఏటా అదే రోజున, అదే దూరం నుంచి తీసిన ఫొటోలు, ఒక నోటు పుస్తకం చాలు.

పేర్ల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, మనవాళ్లను పేర్లు లేకుండా లెక్కపెట్టిన చరిత్ర ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మన దేశంలో ఎన్నో గ్రామాలలో చిన్న పాలరాతి ఫలకాలు పెట్టారు: ఈ గ్రామం నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. అంతే, ఎవరన్నది లేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టినది. అధికారుల పేర్లు చెక్కారు, మన సాధారణ సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని అంకెగా వదిలేశారు. బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులను చూసుకోవడానికి 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ హోదా, జాతి, మతం అన్న తేడా లేకుండా అందరినీ ఒకేలా స్మరించాలని నియమం పెట్టుకున్న సంస్థ. ఆ సంస్థే 2021లో ప్రచురించిన నివేదికలో, ప్రధానంగా భారతీయులు, ఆఫ్రికన్లు అయిన 45 వేల నుంచి 54 వేల మంది సైనికులకు ఆ నియమం ప్రకారం సమానంగా స్మరణ దక్కలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ యుద్ధంలో మరణించిన భారత సైనికులు సుమారు 74 వేలు; ఢిల్లీలో 1931లో ప్రారంభమైన ఇండియా గేటు మీద పేర్లున్నవాళ్లు 13 వేల పైచిలుకు, వాళ్లందరూ ఆ యుద్ధం వాళ్లు కూడా కాదు. వేటకుక్కకు పేరు చెక్కిన నేల మీద పుట్టిన సిపాయి, పరాయి ఎడారిలో ఒక అంకెగా మిగిలాడు. ఊరి స్తంభం మీద పేరు ఒక్కటే అతనికి ఉన్న చోట్లు చాలా ఉంటాయి, ఆ పేరును తప్పుగా దిద్దే హక్కు మనకు లేదు.

పేరు సరిచూడాలంటే దారులున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలలో పోయినవారి జాబితాను ఆ కమిషన్ అందరికీ అందుబాటులో ఉంచింది. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానంలో, దేశంలో ఎక్కడెక్కడో సమాధి అయిన మొదటి యుద్ధ కాలపు సైనికులు వెయ్యిమందికి పైగా పేర్లతో ఒక స్మారకం కూడా ఉంది. స్వాతంత్ర్యం తరువాతి వారికి, 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఆధారం. అక్కడ 25 వేలకు పైగా పేర్లు గ్రానైటు మీద చెక్కి ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మరో ఆధారం. అన్నిటికంటే ముందు మాత్రం ఇంటికి వెళ్లి అడగాలి. అన్ని కాగితాలలో ఇంగ్లీషులో రాసిన పేరును తెలుగులో ఎలా పలుకుతారో ఆ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

ఎవరి పేరు చేర్చాలన్నది మా ఊళ్లో చాలా చర్చకు దారితీసింది. సరిహద్దులో కాల్పుల్లో పోయినవాడి విషయంలో తగాదా లేదు. మంచులో గుండె ఆగి పోయినవాడు? సెలవు మీద వస్తూ దారిలో ప్రమాదంలో పోయినవాడు? సైన్యంలో కాక సీఆర్పీఎఫ్‌లో పనిచేస్తూ పోయినవాడు? యుద్ధ సమాధుల కమిషన్ వాళ్లు 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు సేవలో ఉండి ఏ కారణంగా పోయినా, జబ్బుతో పోయినా సరే, లెక్కలోకి తీసుకున్నారు. అది ఉదారమైన పద్ధతి, నాకు నచ్చిన పద్ధతి కూడా. అయితే ఏ ఊరు ఏ పద్ధతి పెట్టుకున్నా, ఫలానా మనిషి పేరు ముందుకు రాకముందే దాన్ని రాసి పెట్టుకోవాలి. పేరు వచ్చాక నియమం రాస్తే, అది ఆ ఇంటికి అనుకూలంగానో వ్యతిరేకంగానో రాసినట్టే ఉంటుంది. మా ఊళ్లో విధి నిర్వహణలో ఉండగా పోయినవాళ్లందరినీ, కేంద్ర బలగాలవారితో సహా చేర్చాలని నిర్ణయించారు. క్రమం హోదాను బట్టి కాకుండా మరణించిన తేదీని బట్టి పెట్టారు. ఒక విశ్రాంత అధికారి నొచ్చుకున్నారు, తరువాత ఆయనే వచ్చి నోటు పుస్తకంలో తేదీలు సరిచూసి పెట్టారు.

2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబుకు సరిగ్గా ఏడాదికి ఆయన సొంత ఊరు సూర్యాపేటలో విగ్రహం నిలిచింది, అది కావలసిందే. కానీ ఊరికొక విగ్రహం, దానికి మండపం, టైల్సు, స్టీలు రెయిలింగు, రంగుల దీపాలు అంటూ పోటీ మొదలైతే నాకు భయం వేస్తుంది. దాత ఎవరైనా కొత్త స్మారకం కట్టిస్తానంటాడు కానీ, పాతదాని చుట్టూ నీరు పోవడానికి కాలువ తవ్విస్తానని ఎవరూ అనరు, ఎందుకంటే కాలువ మీద ఫలకం పెట్టడం కుదరదు. ఆవిష్కర్తలు, ముఖ్య అతిథులు, సభ్యుల పేర్లతో ఉన్న శిలాఫలకం అమరుల పేర్లున్న ఫలకం కంటే పెద్దదిగా ఉన్న స్మారకాలు మీరూ చూసే ఉంటారు. వాటి గురించి ఎక్కువ మాట్లాడితే నా రక్తపోటు పెరుగుతుంది.

జెండా విషయంలో ఒక హెచ్చరిక. 2002 నాటి జెండా నియమావళిని 2021 డిసెంబరు 30న సవరించి పాలిస్టరు జెండాలకు, యంత్రంతో చేసినవాటికి అనుమతి ఇచ్చారు. 2022 జూలైలో మరో సవరణతో రాత్రింబవళ్లు ఎగరేయడానికి కూడా వీలు కల్పించారు. దాంతో చాలా ఊళ్లలో స్మారకం పక్కన ఎత్తయిన స్తంభానికి జెండా ఎక్కించి మరిచిపోతున్నారు. మన గాలికి అది కొద్ది వారాలలోనే అంచులు చిరిగి పీలికలవుతుంది. చిరిగిన జెండాను ఎగరేయకూడదని అదే నియమావళి చెబుతోంది. దాన్ని ఏకాంతంగా, గౌరవంగా, వీలైతే దహనం చేసి తొలగించాలి. రోజూ చూసే మనిషి లేని చోట రోజూ ఎగిరే జెండా పెట్టకండి. పండుగ రోజుల్లో ఎక్కించి సాయంత్రం దించడమే నయం.

రోజూ చూసే మనిషి అన్నాను. మా స్తంభానికి ఎదురుగా టీ అంగడి ఉంది. ఒకసారి మేము ఫ్లెక్సీ బ్యానరు కట్టిన తాళ్లను విప్పుతూ, ఇవెవరు కడుతున్నారో కాస్త చూడమని అంగడాయనతో గొప్పగా చెప్పబోతే, "మీరు నెలకొక తూరి వస్తారు సార్, నేను దినామూ చూస్తా ఉండాను, ఇప్పుటికి ఎన్ని విప్పేసుంటానో మీకేం తెలుసు?" అన్నాడు. ఆ తరువాతే మేము ఆయన్ని, పక్కనే పూలమ్ముకునే ఆమెను బృందంలోకి చేర్చుకున్నాం; సరిగా చెప్పాలంటే వాళ్లే మమ్మల్ని చేర్చుకున్నారు. తాళం ఒకటి ఆయన దగ్గరే ఉంటుంది. ఉన్నత పాఠశాల ఎన్‌సీసీ పిల్లలు డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినం నాడు, స్తంభం మీది పేర్లన్నీ గట్టిగా చదువుతారు. ఉపన్యాసాలు వద్దని ముందే మాట తీసుకున్నాం. చదవబోయే ముందు ప్రతి పిల్లవాడూ తాను చదివే పేరుగల ఇంటికి వెళ్లి, ఉచ్చారణ సరిచూసుకుని రావాలి. ఒక ఇంట్లో అవ్వ పిల్లవాణ్ని కూర్చోబెట్టి, "వాణ్ని ఆ పొడుగాటి పేరుతో ఎవురూ పిలవలేదు నాయనా, చిన్నోడనే పిలిచేది" అందట. రాతి మీద రాయలేం కాబట్టి అది నోటు పుస్తకంలో రాసుకున్నాం.

ఆ నోటు పుస్తకం గురించి చెప్పి ముగిస్తాను. ఎప్పుడు కడిగాం, ఏ నీళ్లు వాడాం, ఏ పగులు ఎంత పొడవుంది, ఎవరికి అర్జీ ఇచ్చాం, ఏ పేరు మీద ఏ ఇంటివాళ్లు ఏం చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి. మొదట అది బెంగళూరులో మా ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఆ ఊరి శాఖా గ్రంథాలయంలో ఉంచాం, ఇక్కడ నకలు మాత్రమే ఉంది. మాలో చాలామందికి అరవై దాటాయి, మోకాళ్లు వంగి పీఠం కడగడం కష్టమవుతోంది, నగరంలో పుట్టిన మా పిల్లలకు ఆ ఊరితో మాకున్నంత చుట్టరికం ఉంటుందని ఆశించడం న్యాయం కాదు. అందుకే కొత్తగా ఎవరైనా చేరతామంటే, బెంగళూరువాళ్ల కంటే ముందు ఆ ఊరివాళ్లకే మేము పని అప్పజెబుతున్నాం. డ్రమ్ము, బ్రష్షులు, నిచ్చెన కూడా టీ అంగడి వెనకే ఉంటాయి. మీ ఊళ్లకు ఇటువంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు సభ అయ్యాక నన్ను కలిస్తే, అనుమతి కోసం పెట్టే అర్జీ నమూనా, ఫొటోలు తీసే పద్ధతి రాసిన కాగితాలు ఇస్తాను.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. బాగా మురికిపట్టిన పాలరాయికి ఏ యాసిడ్ మంచిదన్న ప్రశ్న మాత్రం అడగకండి.